దుఃఖగృహములో క్రిస్మస్ పాట పాడవచ్చునా?

ధ్యానమునకు: లూకా 2:8–35, సామెతలు 25:20, రోమా 12:15.



డిసెంబరు మాసము సమీపించగానే మన సంఘములలో ఒక ప్రశ్న తప్పక పుట్టును. ఈ సంవత్సరము ఏ పాటలు పాడుదము? ప్రసంగమెవరు చేయుదురు, కేకు ఎన్ని కిలోలు తేవలెను, బీదలకు ఎన్ని దుప్పట్లు పంచవలెను అను ప్రశ్నలు తరువాత వచ్చును. పాటల ప్రశ్న మాత్రము అన్నిటికంటె ముందు వచ్చును. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రాంతములోని కోహెడలో మేమును ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టితిమి. ఆగమనకాలపు మొదటి ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట అందరికిని చిన్న కాగితపు ముక్కలు పంచి, మీకు మిక్కిలి ఇష్టమైన క్రిస్మస్ పాటలు మూడు వ్రాయుడని కోరితిమి. ఆ సాయంకాలము చీటీలు విప్పి లెక్కించుట మాకు ఎంతో ఉల్లాసముగా నుండెను.

యౌవనస్థులు వ్రాసినవి సెల్‌ఫోనులో విని నేర్చుకొనిన పాటలు, డోలక్ దెబ్బకు కాళ్లు ఊరకుండనియ్యనివి. పెద్దలు వ్రాసినవి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములోనివి. వారిలో కొందరు పాట పేరు వ్రాయక పుస్తకములోని సంఖ్య మాత్రమే వ్రాసిరి. ఆ పుస్తకము వారికి అంత కంఠస్థము. ఒక పసివాడు ఒకే పాటను మూడుమారులు వ్రాసెను. ఇంగ్లీషు మీడియం బడికి పోవు పిల్లలు "జింగిల్ బెల్స్" అని వ్రాసిరి. ఇది క్రిస్మస్ పాట కాదని మాలో ఒక పెద్దాయన వాదించెను. ఆయన చెప్పినది నిజమే. 1857లో అమెరికాలో జేమ్స్ పియర్‌పాంట్ అచ్చువేయించిన ఆ పాటలో ప్రభువు పేరు గాని క్రిస్మస్ అను మాట గాని లేదు. మంచు మీద గుఱ్ఱపు బండి పరుగెత్తుటయే యున్నది. కోహెడలో మంచెక్కడిది అని ఆయన అడుగగా పిల్లలు నవ్విరి. అయినను ఆ పాటను జాబితాలో ఉంచితిమి. పిల్లలు నవ్వుచు పాడు పాటను తీసివేయుటకు మనస్సొప్పలేదు.

చీటీలన్నియు రెండుసార్లు లెక్కించితిమి గాని ఒక సంగతిని గమనింపలేదు. ఇష్టమైన పాటలలో దుఃఖమును గూర్చి ఒక్క మాటయైన ఉన్న పాట ఏదియు లేదు. అది మా కంట పడుటకు మరి పది దినములు పట్టెను.

మా పాటల బృందము డిసెంబరు రెండవ వారములో ఇంటింటికి బయలుదేరును. వెనుకటి దినములలో ఒకరు పెట్రోమాక్సు దీపము తలపై పెట్టుకొని ముందు నడిచెడివారని పెద్దలు చెప్పుదురు. ఇప్పుడు బ్యాటరీ దీపములు, సెల్‌ఫోను వెలుగులు. ఒక డోలక్, రెండు కంజీరలు, తాళములు, ఒక డప్పు. దూరమున ఔటర్ రింగు రోడ్డు దీపములు వరుసగా కనబడుచుండును. నగరము మా పొలముల దాక వచ్చినది. చేలు ఉన్నచోట ప్లాట్ల రాళ్లు లేచినవి. అయినను మా వాడలో ప్రతి విశ్వాసి గుమ్మమునకు డిసెంబరులో ఒక కాగితపు నక్షత్రము వ్రేలాడును. నక్షత్రము కనబడినచోట నిలిచి పాడుట, వారిచ్చిన చాయ త్రాగి ప్రార్థన చేసి తరువాతి గుమ్మమునకు పోవుట మా వాడుక.

వాడ చివర ఒక ఇంటికి నక్షత్రము లేదు. ఆ యింటి కుమారుడు ఆ వర్షకాలములో చనిపోయెను. ముప్పది రెండేండ్ల వాడు. మా బృందములో డప్పు కొట్టుచుండినవాడు అతడే. మన ప్రాంతమున క్రైస్తవులు గాని ఇతరులు గాని చావు జరిగిన యింట ఆ యేడు పండుగ చేయరు. ఇరుగుపొరుగువారు ఆ యింటి ముందు మేళతాళములు వాయింపరు. ఇది ఎవరును వ్రాయని కట్టడ. మేము ఆ గుమ్మము దగ్గరకు రాగానే డప్పు ఆపి, మాటలు తగ్గించి, దీపము క్రిందికి దించుకొని మెల్లగా దాటితిమి. అది మర్యాద యని మా తలంపు.

నాలుగడుగులు వేసితిమో లేదో తలుపు తీసిన చప్పుడాయెను. అతని తల్లి శాలువ కప్పుకొని గడపలో నిలువబడెను. మేమందరము ఆమెను పెద్దమ్మా అని పిలుతుము.

"ఏంది బిడ్డా, నా ఇల్లు ఇడ్సిపెట్టి పోతున్రు?" అని అడిగెను.

కొంతసేపు ఎవరును పలుకలేదు. తరువాత మాలో ఒకరు, "ఈ యేడు వద్దులే పెద్దమ్మా, పై యేడు మంచిగ పాడుదం" అనిరి.

"పై యేడు దాక యేసయ్య పుట్టుడు ఆగుతదా?" అని ఆమె అనెను. కోపముతో కాదు, తెలియని సంగతి తెలిసికొనగోరిన వారివలె అడిగెను. మేము ఏదో గొణిగి ముందుకు పోతిమి. ఆ తరువాతి యింట ఏ పాట పాడితిమో మాలో ఎవరికిని జ్ఞాపకము లేదు.

ఆ ప్రశ్నను ఆ వారపు ప్రార్థన కూటములో పెట్టితిమి. తీర్పు సులభముగా దొరకుననియు, వెళ్లి పాడవలసినదని అందరు ఒప్పుకొందురనియు అనుకొంటిమి. అట్లు జరుగలేదు.

ఒక పెద్దాయన బైబిలు విప్పి సామెతలు 25వ అధ్యాయము 20వ వచనము చదివెను. మనోవిచారముతో ఉన్నవాని యెదుట పాటలు పాడుటను జ్ఞాని చలిదినమున పైబట్ట తీసివేయుటతో పోల్చినాడు. యాకోబు పత్రికలో (5:13) శ్రమలో ఉన్నవానికి ప్రార్థనయు, సంతోషములో ఉన్నవానికి కీర్తనయు విధింపబడినవి. రెండును కలిపివేయుటకు మీరెవరు అని ఆయన ప్రశ్న. బబులోనులో చెరపట్టినవారు సీయోను పాటలు పాడుడని అడిగినప్పుడు ఇశ్రాయేలీయులు సితారాలు చెట్లకు తగిలించి ఊరకుండిరని 137వ కీర్తన చెప్పుచున్నది. పాడకుండుట కూడ భక్తియే కావచ్చును. యోబు స్నేహితులు ఏడు దినములు మాటలాడక అతనితో నేల మీద కూర్చుండిరి; వారు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరచిన తరువాత చేసినదంతయు చెరుపే. ఆయన మాటలకు ఉత్తరము చెప్పుట కష్టమాయెను.

తరువాత ఒక సహోదరి లేచెను. కొన్ని సంవత్సరముల క్రిందట భర్తను పోగొట్టుకొనిన ఆమె. ఆ డిసెంబరులో, వేరొక ఊరిలో, పాటల బృందము తన గుమ్మమునకు వచ్చినదట. వారు పాడుచుండగా తాను చిరునవ్వుతో నిలువవలసి వచ్చినది, వారికి చాయ కాచవలసి వచ్చినది, మీ ఆనందమును ప్రభువు రెట్టింపు చేయును గాక అని వారు ప్రార్థించినప్పుడు ఆమేన్ అనవలసి వచ్చినది. "వాళ్లు పోయినంక తలుపేసి, ఇంక రాకుంటే మంచిదనుకున్నా" అని ఆమె చెప్పెను. కూటములో చాలసేపు నిశ్శబ్దము.

ఒకే దుఃఖములో నున్న ఇద్దరు స్త్రీలు. ఒకామె పాట రానందుకు నొచ్చుకొనెను, ఒకామె పాట వచ్చినందుకు నొచ్చుకొనెను. వీరిలో ఒకరిది విశ్వాసము, మరియొకరిది అవిశ్వాసము అని చెప్పుటకు మేము సాహసింపము. ఇద్దరి మాటయు నిజమైనయెడల, పాడవలెనా కూడదా అను మా ప్రశ్నయే సరియైన ప్రశ్న కాదేమో. ఏ పాట, ఎట్లు పాడబడినది అని అడుగవలసియున్నది.

ఇక్కడ మన పితరులలో ఒకరి అనుభవము మాకు తోడ్పడెను. 387వ సంవత్సరమున ఓస్తియా రేవు పట్టణములో అగస్టీను భక్తుని తల్లి మోనికా మరణించెను. ఆ సంగతి ఆయన "ఒప్పుకోలు" అను గ్రంథము తొమ్మిదవ భాగములో వ్రాసినాడు. తల్లి ఊపిరి విడిచినప్పుడు ఆయన కుమారుడు, ఇంకను బాలుడు, గట్టిగా ఏడ్చెను. అందరును ఆ బాలుని ఊరకుండుమనిరి. భక్తురాలి మరణమునకు ఏడ్పు తగదని వారి అభిప్రాయము. అప్పుడు ఎవోడియుసు అను స్నేహితుడు కీర్తనల గ్రంథము తీసికొని 101వ కీర్తన ఎత్తుకొనగా ఇంటివారందరు బదులు పాడిరి. అగస్టీను కన్నీరు ఆపుకొనెను. సమాధి దగ్గర కూడ ఏడ్వలేదు. స్నానము చేసి చూచెను, ఆ బరువు తగ్గలేదు. రాత్రి నిద్రించి మేలుకొని పడకమీద ఒంటరిగా ఉన్నప్పుడు, మిలానులో ఆంబ్రోసు అధ్యక్షుడు రచించిన సాయంకాల గీతము ఒకటి జ్ఞప్తికి వచ్చెను. అలసినవారికి దేవుడు నిద్రనిచ్చుటను గూర్చిన పాట అది. అప్పుడు ఆయన తల్లి కొరకు ఏడ్చెను.

ఒకే మరణము, రెండు పాటలు. మొదటిది ఏడ్చు బాలుని నోరు మూసిన పిదప లేచినది. దానిలో తప్పేమియు లేదు, అది దేవుని వాక్యమే, అయినను ఆ గడియలో అది మూతవలె పనిచేసినది. రెండవది ఎవరును పాడుమనకుండ వచ్చి ఆ మూత తీసినది. తల్లిని గూర్చి గాని చావును గూర్చి గాని ఒక్క మాటయైన దానిలో లేదు.

ఈ అగస్టీనే అదే గ్రంథము పదవ భాగములో మరియొక భయము వెల్లడించుచున్నాడు. పాడబడు సత్యముకంటె పాడు కంఠము తన్ను ఎక్కువగా కదిలించినప్పుడు తాను పాపము చేసినట్లు ఎంచుకొనెనట; అట్టి సమయములో పాట వినకుండుటయే మేలనుకొనెనట. ఈ విషయమున ఆయన తనమీద తాను మిక్కిలి కఠినుడై యుండెనని మా అభిప్రాయము. మంచి రాగమునకు మనస్సు ఉప్పొంగుట పాపమైనయెడల మన కీర్తనల పుస్తకములో ప్రతి పాట నెత్తిన రాగము, తాళము ఎందుకు వ్రాయబడెను? ఆ కీర్తనకారులలో అగ్రగణ్యుడైన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) ఈ దేశపు రాగములలోనే సిలువను పాడి తెలుగు సంఘములను ఏడ్పించెను, ఓదార్చెను. పాట మనకు ఇష్టమగుట తప్పు కాదు. ఇష్టమైనంత మేరకే పాడి మిగిలినది విడిచిపెట్టుట మాత్రము ఆలోచింపవలసిన సంగతి.

విడిచిపెట్టుట అనగా మా చీటీలను మరల చూచినప్పుడు తెలిసినది. మనమే కాదు, లోకమంతటను ఈ పని జరుగుచున్నది. లోకమునకు ఆనందము ప్రకటించు ఐజక్ వాట్సు గారి ప్రసిద్ధ గీతము 1719లో 98వ కీర్తన ఆధారముగా వ్రాయబడినది. అది పశువుల తొట్టిని గూర్చి వ్రాసినది కాదు, ప్రభువు రాజ్యమును గూర్చినది. అందులోని మూడవ చరణము పాపములు, దుఃఖములు, నేలమీది శాపము అను మాటలతో ఉన్నందున అనేకచోట్ల దానిని దాటివేయుదురు. 1849లో అమెరికా బోధకుడు ఎడ్మండ్ సియర్సు దేవదూతల పాటను గూర్చి ఒక గీతము వ్రాసెను. మనుష్యులు యుద్ధపు సద్దులో ఆ పాట వినుటలేదని దానిలోని ఒక చరణము మొఱపెట్టుచున్నది. కొన్ని పుస్తకములలో ఆ చరణమే కనబడదు.

లాంగ్‌ఫెలో కవి సంగతి ఇంకను విచారకరము. 1861లో ఆయన భార్య వస్త్రములకు నిప్పంటుకొని మరణించెను. 1863 నవంబరులో కుమారుడు అంతర్యుద్ధములో గాయపడెను. ఆ డిసెంబరు 25న గుడి గంటలు విని ఆయన ఒక పద్యము వ్రాసెను. దానిలో ఫిరంగుల మ్రోతయు నిరాశయు ఉన్నవి. వాటిని దాటిన తరువాతనే గంటలు గట్టిగా మ్రోగును. పాటగా పాడునప్పుడు ఫిరంగుల చరణములు తీసివేసి గంటలు మాత్రము ఉంచిరి. అట్లయిన పాట వినుటకు హాయిగా ఉండును గాని ఆ యింటి యజమాని ఎందుకు వ్రాసెనో తెలియదు.

శుద్ధరాత్రి అని మనము ఎరిగిన పాట కూడ సుఖపడిన దేశములో పుట్టలేదు. జోసెఫ్ మోర్ అను యువ గురువు దాని మాటలను 1816లో ఆస్ట్రియా కొండసీమలో వ్రాసెను. నెపోలియను యుద్ధములు ముగిసి ఒక సంవత్సరమైనది. ఆ యేటి వేసవి వేసవివలె లేదు, చలికి పంటలు చెడి యూరపు అంతట ఆకలి వ్యాపించెను. 1818 డిసెంబరు 24న సాల్జ్‌బర్గు దగ్గర ఓబెర్న్‌డోర్ఫు గ్రామములో ఫ్రాంజ్ గ్రూబర్ అను బడిపంతులు కూర్చిన రాగముతో, గిటారు సహాయముతో, ఇద్దరు దానిని మొదట పాడిరి. నెమ్మదిని గూర్చి అంత నెమ్మదిగా పాడినవారు నెమ్మది కరవైనవారు.

దూరదేశములేల? మన మెదకు దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరవుకాలములో జనులకు పని కల్పించి అన్నము పెట్టుటకు ఆ కట్టడమును సాధనముగా చేసికొనెను. 1914 మొదలుకొని పదియేండ్ల పని. ఆ పదియేండ్లలోనే మొదటి ప్రపంచ యుద్ధము, 1918 నాటి విషజ్వరము వచ్చి పోయినవి. అంత పెద్ద కప్పు క్రింద మొదటి క్రిస్మస్ కీర్తన లేచినప్పుడు, పాడినవారిలో చావు చూడని యింటివారు ఎందరుండిరి? దుఃఖములో నున్నవారు బయట నిలువుడని చెప్పియుండిన యెడల ఆ దినమున దేవాలయము సగము ఖాళీగా ఉండెడిది.

ఇప్పుడు సువార్త యొద్దకు వత్తము. లూకా సువార్త మొదటి రెండు అధ్యాయములలో నాలుగు స్తుతి పలుకులున్నవి: మరియది, జెకర్యాది, దూతలది, సుమెయోనుది. మనము ఎంత ప్రేమించు దూతల పాటను గూర్చి లూకా వాడిన మాట చిత్రమైనది. వారు స్తోత్రము చేయుచు "చెప్పిరి" అని యున్నది గాని పాడిరని లేదు. పాట చేసికొనినది మనము; చేసికొనుట మంచిదే. అయితే అది మొదట వార్త. కాపరులు సంతోషముగా ఉండిరా దుఃఖముగా ఉండిరా అని దూత విచారింపలేదు. వారు భయపడియుండగానే చెప్పెను. మన మనస్సు స్థితినిబట్టి వచ్చు పాటకు సమయము వెదకవలెను. వార్తకు ఇల్లు వెదకవలెను. ఈ భేదమును మేము ఆ రాత్రి నక్షత్రము లేని గుమ్మము దాటునప్పుడు మరచితిమి. పండుగను ఆ యింటినుండి తప్పించితిమి అనుకొంటిమి గాని తప్పించినది వార్తను.

సుమెయోను సంగతి మరి విచిత్రము. వృద్ధుడు శిశువును చేతులలోనికి ఎత్తుకొని నెమ్మదితో స్తుతించెను. ఆ వెంటనే ఆ తల్లివైపు తిరిగి ఆమె హృదయములోనికి ఖడ్గము దూసికొనిపోవునని చెప్పెను (2:35). ఒకే నోట, ఒకే గడియలో. మన బృందములలో ఎవరైన అట్లు చేసినయెడల పెద్దలు మందలింతురు. మత్తయి సువార్తలోనైతే జ్ఞానులు తిరిగి వెళ్లిన కొలది దినములకే బేత్లెహేములో బిడ్డలను పోగొట్టుకొనిన తల్లుల ఏడ్పు వినబడుచున్నది (2:16–18). వారు ఓదార్పు పొందనొల్లకుండిరని సువార్తికుడే యిర్మీయా మాటను తెచ్చి చూపుచున్నాడు, వారిని గద్దింపలేదు. ఇంగ్లాండులో కోవెంట్రీ పట్టణపు చేతిపనివారు పూర్వము ఆడిన నాటకములో ఆ తల్లుల జోలపాట ఒకటి కలదు. 1940 నవంబరు 14 రాత్రి బాంబులతో ఆ పట్టణపు పెద్దగుడి కూలెను. ఆ డిసెంబరులో ఆ శిథిలములనుండి రేడియోలో క్రిస్మస్ ఆరాధన ప్రసారమైనప్పుడు వారు పాడినది ఆ జోలపాటయే. సంతోషపు పాటలు వారికి తెలియక కాదు.

భర్తను పోగొట్టుకొనిన ఆ సహోదరి ఇంట తప్పిపోయినది ఏదో ఇప్పుడు మాకు కొంత అర్థమైనది. ఆమెను బాధించినది వార్త కాదు. ఆమె ముఖమునుండి ఆనందమును పన్నువలె వసూలు చేసికొనిన పద్ధతి. పాడువారు ఆమెను విచారింపలేదు, ఆమె వంతు దుఃఖమునకు పాటలో చోటు పెట్టలేదు, చాయ త్రాగి లేచిరి. రోమా పత్రికలో (12:15) సంతోషించువారితో సంతోషించుట, ఏడ్చువారితో ఏడ్చుట ఒకే వచనములో వచ్చును. రెండు వేర్వేరు ఇండ్లలో రెండు వేర్వేరు బృందములు చేయవలెనని పౌలు చెప్పలేదు. సామెతలలోని జ్ఞాని ఆక్షేపించినదియు చలిలో ఉన్నవాని బట్ట తీయుటనే. బట్ట కప్పు పాటలు కూడ ఉన్నవి.

ఇదంతయు చెప్పుకొని మేము డిసెంబరు 23 రాత్రి మరల ఆ యింటికి పోతిమి. బుద్ధి వచ్చినదనుకొంటిమి. డోలక్ తేలేదు, డప్పు తేలేదు. నలుగురమే. ఓదార్పు గల నెమ్మది కీర్తన ఒకటి రెండు దినములు అభ్యాసము చేసికొని పోతిమి. ముందుగా ఒకరు లోపలికి పోయి, "పెద్దమ్మా, పాడుమంటవా?" అని అడిగిరి. ఆమె చాప పరచెను. అతని ఫోటో గోడకు ఉన్నది; దాని ప్రక్క మేకునకు అతని డప్పు వ్రేలాడుచున్నది.

"ఏ పాట పాడమంటవు?" అని అడిగితిమి. మా కీర్తన మాకు సిద్ధముగా ఉన్నది, అయినను అడిగితిమి.

ఆమె కోరినది మా జాబితాలో యౌవనస్థుల చీటీలలో ఎక్కువసార్లు వచ్చిన పాట. అన్నిటిలో వేగమైనది. కుమారుడు ప్రతి యేడు డప్పుమీద ఎత్తుకొను పాట. మేము ఒకరి ముఖము ఒకరము చూచుకొంటిమి. దుఃఖములో ఉన్నవారికి నెమ్మది పాటయే కావలెనని నిర్ణయించినది ఎవరు? ఆమె కాదు. మరల మేమే.

చేతితట్లతో మొదలుపెట్టితిమి. ఆ యింట అంత వేగముగా పాడుటకు నోరు రాక, తెలియకుండనే తగ్గించి పాడుచుంటిమి. మొదటి చరణము కాగానే ఆమె చేయి యెత్తి ఆపెను.

"గంత నిదానంగ కాదు బిడ్డా. వాడు గిట్ల పాడకపోవు" అనెను.

మాలో చిన్నవాడు గోడవైపు చూచెను. ఆమె తల ఊపగా లేచి ఆ డప్పు దించెను. నెలల తరబడి కాగక చర్మము మెత్తబడియుండెను. పొయ్యి దగ్గర కొంతసేపు కాచి తెచ్చెను. మరల మొదటినుండి ఎత్తుకొంటిమి, ఈసారి అతడు పాడినట్లు. ఆమె ఏడ్చెను. ఏడ్చుచునే తాళము తప్పకుండ మోకాలిమీద చేయి వేయుచుండెను. రెండు చరణములైన తరువాత మేము ఆగితిమి. ఎప్పుడును అక్కడనే ఆగుదుము, అక్కడికే డప్పు దరువు మారి వేరొక పాట అందుకొనుట మా వాడుక. ఆమె ఆగలేదు. ఆ పాటకు మూడవ చరణమున్నదని మాలో ఇద్దరికి అప్పుడే తెలిసినది. తక్కిన ఇద్దరికి తెలియును గాని మాటలు రావు. ఆమె ఒక్కతెయే దానిని కడవరకు పాడెను. చిన్నవాడు మెల్లగా దరువు వేయుచుండెను.

చాయ త్రాగి లేచునప్పటికి పది దాటెను. ఇంక రెండిండ్లు మిగిలియున్నవి. డప్పు మరల మేకునకు తగిలింపబోగా ఆమె, "తీస్కపోండ్రి, పండుగైనంక తెచ్చియ్యండ్రి" అనెను.